పళ్ళెం మీది గుడ్డ

నాలుగేళ్ళు నిండని పసిదానికి ఆట అని చెప్పి పరీక్ష పెట్టాను నేను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. బడిపిల్లల బెరుకూ, మొండితనమూ, భయమూ ముఖం చూసి పోల్చుకోగలనని నమ్మినదాన్ని. సొంత మనవరాలి ముఖం మాత్రం చదవలేకపోయాను. ఈ మాట నలుగురిలో చెప్పుకోవడం తేలిక కాదు. కానీ నాలాంటి అమ్మమ్మలూ నాయనమ్మలూ తాతయ్యలూ ఇప్పుడు ఇంటింటా ఉన్నారు. కన్నవాళ్ళు ఉద్యోగాలకు వెళ్తే పగలంతా పిల్లలు మన చేతుల్లోనే ఉంటున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ రాజమండ్రిలో మాతోనే ఉంటారు. పొద్దున్నే ఇద్దరూ ఆఫీసులకు వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ, పాపా. దాని చేతికి ఫోను ఇవ్వకూడదని నా పట్టుదల. అది తప్పని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఫోను బదులు ఏమివ్వాలన్న దగ్గరే దారి తప్పాను.

నాకు అవధానాలంటే ప్రాణం. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు 1870లో పుట్టిన కడియం మా ఊరి పక్కనే. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి తిరుపతి వేంకట కవులుగా ఆయన చేసిన శతావధానాల సంగతులు మా నాన్నగారి నోట విని పెరిగాను. పెద్దయ్యాక ఎక్కడ అష్టావధానం జరుగుతుందన్నా వెళ్ళి ముందు వరసలో కూర్చునేదాన్ని. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు, ఒకరు అడ్డు తగిలి పొంతనలేని ప్రశ్నలు వేస్తూ ఉంటారు. కొన్ని సభల్లో వెనకనుంచి వీపు మీద పూలు వేస్తారు, ఉండుండి గంట కొడతారు. పూలెన్ని పడ్డాయో, గంట ఎన్నిసార్లు మోగిందో చివర్న చెప్పాలి. అంత గొడవలోనూ పద్యాలన్నీ పూర్తిచేసి, ఆఖర్న ధారణలో ఒకదాని వెంట ఒకటి ఒప్పజెబుతుంటే సభంతా చప్పట్లు. మా పాపకూ అలాంటి ధారణ రావాలని కోరుకున్నాను. ఆ కోరికలో పాప ఎంత ఉందో, ఆ చప్పట్లు ఎంత ఉన్నాయో అప్పుడు విడదీసి చూసుకోలేదు.

దానికి తోడు ఎప్పుడో చదివిన నవల ఒకటి. 1901లో వచ్చిన కిప్లింగ్ ‘కిమ్’. అందులో సిమ్లాలో లర్గన్ సాహెబు దుకాణం ఉంటుంది. ఆయన ఒక పళ్ళెంలో రత్నాలు పోసి కాసేపు చూడనిచ్చి పైన కప్పేస్తాడు. చూసినవాడు ఒక్కొక్కటే వర్ణించి చెప్పాలి. బేడెన్ పవెల్ 1908లో స్కౌట్ పిల్లల కోసం రాసిన పుస్తకంలోకి ఆ ఆటను తీసుకున్నాడు. అప్పటినుంచి ‘కిమ్ ఆట’ పేరుతో పిల్లల ఆటల పుస్తకాల్లోకి అది పాకింది. మా బళ్ళో స్కౌట్లకు నేనూ ఆడించాను. అయితే నవల్లో కిమ్ పదమూడు దాటిన కుర్రాడు. గూఢచారి పనికి తర్ఫీదు అవుతున్నవాడు. అంతటివాడూ మొదటిరోజు ఓడిపోతాడు. మా పాపకు అప్పటికి చెప్పుల్లో కుడి ఏదో ఎడమ ఏదో కూడా తెలియదు.

మృగశిర కార్తె దాటి నాలుగు చినుకులు పడ్డాక మొదలుపెట్టాను. ఇత్తడి పళ్ళెం శుభ్రంగా తోమి, ఆ కాలంలో దొరికేవన్నీ అందులో సర్దాను: నేరేడుపళ్ళు, రసం మామిడి టెంక, తాటిముంజ, చివరి మల్లెమొగ్గలు, ఎండు చింతకాయ, గవ్వ, కుంకుడుకాయ, తాటాకు ముక్క, ఇంకా నాలుగైదు. మొత్తం పన్నెండు. పైన గుడ్డ కప్పి పాపను ఎదురుగా కూర్చోబెట్టాను. గుడ్డ తీయగానే దాని ముఖం వెలిగిపోయింది. చెయ్యి చాపి నేరేడుపండు అందుకోబోయింది. “ముట్టుకోకూడదమ్మా, చూడాలంతే” అన్నాను. టెంక మీది పీచు లాగి చూడబోయింది. “చెయ్యి వెనక పెట్టుకో” అన్నాను. ముంజ వాసన చూస్తానని వంగింది. “టైమైపోతోంది” అన్నాను. గుడ్డ కప్పేసి ఏమేం చూశావని అడిగాను. “నేరేడుపండు” అంది. ఇంకా? “నేరేడుపండు తింటా.” నోటుపుస్తకంలో తేదీ వేసి, పక్కన ఒకటి అని రాశాను.

ఆ నోటుపుస్తకం నా తప్పులన్నిటికీ సాక్షి. నిలువు గీతలు కొట్టాను: తేదీ, ఎన్ని వస్తువులు, ఎన్ని చెప్పింది. ఎర్రసిరా పెన్ను వాడాను. ఒకరోజు మూడు చెబితే సంతోషించి, మర్నాడు ఒకటే చెబితే “నిన్న చెప్పావు కదా” అని నిలదీశాను. పక్కింటి పిల్లాడిని కూడా కూర్చోబెట్టి, వాడు చెప్పినవి దానికి వినిపించాను. ఒక సాయంత్రం మా అమ్మాయి ఆ పుస్తకం తిరగేసి, “అమ్మా, ఇది ఇంట్లో ఉన్నట్టా, బళ్ళో ఉన్నట్టా?” అని అడిగింది. ఆ రోజుల్లో అది నన్నన్న మాట అదొక్కటే. పాప మంచికే కదా అన్నాను. ఉద్యోగంలో ఉండగా ఎందరో తండ్రులు నాతో అన్న మాటే అది. ఆ మాట అన్నవాళ్ళకు అప్పట్లో నచ్చజెప్పి పంపేదాన్ని.

పైగా బజార్లో కార్డుల పెట్టె ఒకటి కొన్నాను. జతలు కలిపే ఆట. బొమ్మలన్నీ బోర్లించి, రెండేసి తిప్పి, ఒకే బొమ్మ రెండుసార్లు వస్తే తీసుకోవడం. ఆట మంచిదే. పెట్టె మీద ఋతువుల బొమ్మలని ఉంటే మురిసిపోయాను. ఇంటికొచ్చి తెరిస్తే మంచుబొమ్మ, ఎర్రబారిన మేపుల్ ఆకు, ఉన్ని చేతితొడుగులు, మంచు మీద జారే బండి. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్ల వీటిలో ఒక్కటైనా ఎక్కడ చూసింది? మంచుబొమ్మను చూసి ఇడ్లీ అంది. తప్పు అన్నాను. తనకు తెలిసినదానితో పోల్చి పట్టుకోబోయింది పాపం. ఆ పట్టు నేనే వదిలించాను. కార్డులు తిప్పమంటే రెండు తిప్పి లేచి వెళ్ళిపోయేది. దానికి ఏకాగ్రత లేదని నేనే తీర్మానించేసుకున్నాను.

తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. పాప ఒక మాట నేర్చుకుంది. “మర్చిపోయాను.” పళ్ళెం చూసీ చూడకముందే అనేది. ఆ మాట అనగానే నేను నిట్టూర్చి గుడ్డ కప్పేస్తాను, ఆట అయిపోతుంది, అది లేచి పోవచ్చు. ఆ సంగతి నాకంటే ముందు అది కనిపెట్టింది. కొన్నాళ్ళకు ఆటలో కాకపోయినా అదే జవాబు. అరటిపండు చూపించి ఇదేమిటని అడిగితే మర్చిపోయాను. మధ్యాహ్నం ఏం తిన్నావంటే మర్చిపోయాను. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ పేరడిగినా అదే. నాకు భయం వేసింది. పిల్లకేదో లోపం ఉందేమో, డాక్టరుకు చూపించాలేమోనని రాత్రులు నిద్రపట్టేది కాదు. అది నేను అడిగిన ప్రశ్నలకే అలా అంటోందని, వాళ్ళ నాన్నతో గలగలా మాట్లాడుతూనే ఉందని గమనించేంత నెమ్మది నాకు లేకపోయింది.

వినాయక చవితి వచ్చింది. ఆ పూజలో 21 పత్రులు ఉంటాయి కదా. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వపత్రం, దూర్వాయుగ్మం అంటూ అర్కపత్రం దాకా. వారం ముందునుంచే పాపకు ఆ సంస్కృతం పేర్లు వల్లె వేయించడం మొదలుపెట్టాను. అంతకుమించిన ఋతువుల ఆట మన ఇళ్ళల్లో ఇంకేముంటుంది, ఆ ఆకులన్నీ ఒకేచోట ఏడాదికి ఆ ఒక్కరోజే కదా కనిపిస్తాయి అనుకున్నాను. ఆ ఆలోచన మంచిదే. కానీ పండగనాడు పది మంది చుట్టాలు కూర్చుని ఉండగా, పత్రి గంప ముందు పెట్టి, “మా మనవరాలు వరసగా చెబుతుంది చూడండి” అన్నాను.

అది వాళ్ళమ్మ చెంగులో ముఖం దాచుకుంది. నేను వదల్లేదు. గరికపోచ తీసి ఇదేమిటమ్మా అన్నాను. “మర్చిపోయాను.” మారేడాకు తీశాను. మళ్ళీ అదే. గొంతు సన్నబడిపోయింది. ఎవరో, “వదిలెయ్యి వదినా, చిన్నపిల్ల” అన్నారు. వదిలేశాను. అప్పుడు నాకు కలిగిన బాధ పిల్ల కోసం కాదు. నా పరువు పోయిందని. ఇది మా ఇంట్లోవాళ్ళకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

రాత్రి భోజనాలయ్యాక పాప, వాళ్ళ నాన్న వినాయకుడి ముందు చాప వేసుకుని పడుకున్నారు. పైన పాలవెల్లి. నేను పక్క గదిలో పళ్ళు సర్దుతున్నాను. పాప వేలు పైకి చూపిస్తూ చెబుతోంది. ఆ మొక్కజొన్న పొత్తు నాన్న కట్టాడట, ఎర్రదారంతో. వెలక్కాయ జారిపోతే తనే కింద చేతులు పట్టుకుందట. ఆ చివరి జామకాయకు చిలక్కొట్టుడు ఉందట, అది గోడవైపు తిప్పి కట్టారట. దానిమ్మ బరువట, అందుకని పాలవెల్లి ఒకవైపుకి వంగితే అవతల బత్తాయి కట్టారట. ఆ సరిచేయడం నేను చూడనే లేదు. అక్కడినుంచి ఆకుల మీదికి వచ్చింది. ఒక ఆకు అమ్మ పౌడరు వాసన వేసిందంది. మాచిపత్రి. ఒకటి గౌనుకు అంటుకుని రాలేదంది. ఉత్తరేణి, దాని గింజలు బట్టను పట్టుకుంటాయి. ఒకటి వేలికి గుచ్చిందంది, వేలు కూడా చూపించింది. రేగు కొమ్మ. ఒకటి మూడు ఆకులు ఒక్క కాడకే ఉన్నాయంది. మారేడు. పేర్లేవీ చెప్పలేదు. ఆకులు మాత్రం ఒక్కటీ మరచిపోలేదు.

అక్కడే నిలబడిపోయాను. ఆ పాలవెల్లి కట్టడంలో అది పొద్దున్నంతా ఉంది. దారాలు అందించింది, పళ్ళు మోసింది, పత్రి గంపలోంచి ఆకులు ఒక్కొక్కటే తీసి కుప్పలు పెట్టింది. నేను నేర్పాలనుకున్నది వేరు, అది చేతులతో నేర్చుకున్నది వేరు.

ఆ రాత్రే అవధానం సంగతీ మరోలా తోచింది. ఇన్నేళ్ళు చూసి కూడా ఆలోచించని విషయం. ధారణలో అవధాని ఒప్పజెప్పేవి ఎవరో ఇచ్చిన జాబితాలు కావు, తాను కట్టిన పద్యాలు. ఒక్కో పృచ్ఛకుడికీ ఒక్కో పాదం చొప్పున ఆవృత్తి తర్వాత ఆవృత్తి తానే అల్లుకుంటూ వస్తాడు. గణాలు ఆయన లెక్కలోవే, యతిప్రాసలు ఆయన ఎంచుకున్నవే, ఇచ్చిన సమస్యకు దారి కూడా ఆయన వెతుక్కున్నదే. మాట తప్పిపోతే ఛందస్సు దొరకబుచ్చి ఇస్తుంది. పూలూ గంటలూ వేరే లెక్క, వాటికి వేరే సాధన ఉంటుంది. కానీ సభను లేపే ఆ పద్యధారణ మాత్రం చేసినవాడి జ్ఞాపకం. నేను మా పాప చేత ఏదీ చేయనివ్వకుండా, ముట్టుకోనివ్వకుండా, ధారణ మాత్రం అడిగాను.

ఆ తర్వాత కాస్త చదివాను. ముందే చదవాల్సింది. మనం ఏదైనా గుర్తుపెట్టుకోవాలంటే లోపల దాన్ని మళ్ళీ మళ్ళీ అనుకుంటాం. చిన్నపిల్లలు తమంతట తాము అలా చేయరు. జాన్ ఫ్లావెల్ అనే మనోవిజ్ఞాన పరిశోధకుడు 1966లో ఇద్దరు సహచరులతో కలిసి ఒక పని చేశాడు. పిల్లలకు బొమ్మలు చూపించి, అంతరిక్ష యాత్రికుల టోపీలాంటిది పెట్టి కళ్ళ మీదికి మూత దించి, కాసేపు ఆగమని, ఆ వ్యవధిలో వాళ్ళ పెదాలు కదులుతున్నాయా లేదా చూశాడు. అయిదేళ్ళవాళ్ళలో పెదాలు కదిపినవాళ్ళు చాలా కొద్దిమంది. పదేళ్ళవాళ్ళలో ఎక్కువమంది కదిపారు. అంటే నాలుగేళ్ళ పిల్ల దగ్గర నేనడిగిన పనిముట్టే ఇంకా లేదు. పెద్దవాళ్ళకే ఒక్కసారి చూసి ఏడు వస్తువులు, అటో ఇటో రెండు, పట్టుకోవడం గొప్ప అని జార్జ్ మిల్లర్ 1956లోనే రాశాడు. నేను పసిదాని ముందు పన్నెండు పెట్టాను. ఇంకొకటి కూడా ఉంది. లేనిదాన్ని తలచుకుని చెప్పడం పిల్లలకు కష్టం, ఎదురుగా ఉన్నవాటిలో ఇందాక చూసింది ఏదో పోల్చుకోవడం తేలిక. ఏమేం చూశావని అడగడంలోనే నా పొరపాటు ఉంది.

నోటుపుస్తకం అటకెక్కించాను. కొన్ని వారాలు పాపను ఏమీ అడగలేదు. అది చాలా కష్టమైన పని. పంతులమ్మ నోట్లోంచి ప్రశ్న తీసేస్తే మిగిలేదేమిటో నాకే తెలియలేదు. బయటికి తీసుకెళ్ళేదాన్ని, కూరలు తెచ్చుకునేవాళ్ళం, చిక్కుడుకాయలు ఒలిచేవాళ్ళం. నేను నోరు తెరిస్తే చాలు, మొదట్లో అది భుజాలు బిగబట్టేది. ఆ బిగింపు నేను తెచ్చిపెట్టిందే. సడలడానికి కార్తీకం దాకా పట్టింది.

ఆట మళ్ళీ మొదలైంది మాత్రం దాని చేతనే. ఒక మధ్యాహ్నం అదే ఇత్తడి పళ్ళెం ఈడ్చుకొచ్చి, అందులో ఉసిరికాయ, ప్రమిద, వత్తి, అరటి దొప్ప పెట్టి, నా పైట కొంగు లాగి దాని మీద కప్పింది. “అమ్మమ్మా, నువ్వు చెప్పు” అంది. చెప్పాను. వత్తి నిజంగానే మరచిపోయాను. అది చేతులు తట్టి ఎగిరి గంతేసింది. కొంగు తీసి వత్తి నా చేతిలో పెట్టి, “ఇదిగో, మెత్తగా ఉందే, అది” అంది. ఆ రోజునుంచి పళ్ళెం సర్దేది అదే. ఏం పెట్టాలో ఇల్లంతా, పెరడంతా తిరిగి ఎంచుకుంటుంది, ఒక్కొక్కటీ చేత్తో మోసుకొస్తుంది, దేని పక్కన ఏది పెట్టాలో ఆలోచిస్తుంది. అంత చేశాక దానికి గుర్తుండకేం చేస్తుంది?

నా వంతు వస్తే నాలుగు వస్తువులకు మించి పెట్టను. ముందు అన్నీ ముట్టుకోనిస్తాను, వాసన చూడనిస్తాను, తినదగినవైతే ఒకటి తిననిస్తాను. తర్వాత అది కళ్ళు మూసుకుంటే ఒకటి తీసేసి, “ఏది పోయింది?” అంటాను. ఇలా అయితే మిగతావి ఎదురుగానే ఉంటాయి, చటుక్కున చెబుతుంది. అలవాటయ్యాక తీసేయడం మాని, రెండింటి చోటు మారుస్తాను. అది ఇంకాస్త కష్టం, అందుకని ఇంకాస్త ఇష్టం.

మన కాలాలు ఆరూ ఈ ఆటకు సరుకు అందిస్తాయి. ఉగాదికి ఆరు రుచులు ఉన్నాయి. పచ్చడి కలపకముందే వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడిముక్క, ఉప్పు వేరువేరు గిన్నెల్లో పెట్టి, కళ్ళకు గంతలు కట్టుకుని నాలుక కొస మీద రుచి చూసి చెప్పడం. కారం ఒక్కటి మా పాపకు పెట్టలేదు, చూపించానంతే. వేసవిలో టెంకల ఆట. రసం మామిడి టెంకకు పొడుగు పీచు, బంగినపల్లి టెంక నున్నగా ఉంటుంది. కడిగి ఎండబెట్టి కళ్ళు మూసుకుని తడిమి ఏ పండుదో చెప్పాలి. ఆ పండు తిన్న రోజు ఎవరొచ్చారో, ఎవరి చొక్కా మీద రసం కారిందో కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. జ్ఞాపకాన్ని అలా గుత్తులుగుత్తులుగా రానివ్వాలి. నేను విడివిడిగా తెంపి లెక్కపెట్టాను.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న రోజు నాకు అన్నిటికంటే ఇష్టం. పది వేళ్ళకూ ముద్దలు, అరచేతిలో చందమామ, రెండు చేతులూ దేన్నీ ముట్టుకోలేవు. ఆరేదాకా కదలకుండా కూర్చోవాలి. అప్పుడు నోటితో ఆడే ఆట తప్ప గతిలేదు. తాతయ్య సంతకెళ్ళి వంకాయ తెచ్చాడంటాను. అది వంకాయ, బెండకాయ తెచ్చాడంటుంది. వాళ్ళమ్మ మూడోది చేరుస్తుంది. ఒక్కొక్కరూ వెనకటివన్నీ చెప్పి కొత్తది తగిలించాలి. ఆ కాలంలో బజారుకొచ్చే కూరలే చెప్పాలన్నది పాప పెట్టిన నియమం. పట్టిక పెరిగేకొద్దీ అది వాటిని కథలో పెట్టేస్తుంది: వంకాయకు ముల్లుందని బెండకాయ పక్కకు జరిగింది, చోటు లేక దొండకాయ కింద పడింది. ఎవరూ నేర్పలేదు. కాదు, మన ఏడు చేపల కథ నేర్పింది. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు, గడ్డిమోపుకు ఆవు, అలా చీమ దాకా ఒకదానికొకటి కారణమై నడిచే కథ అది. ఇల్లు అలుకుతూ పేరు మరచిపోయిన ఈగ కథా అంతే, ఒకరి దగ్గరినుంచి ఇంకొకరి దగ్గరికి తిరుగుతూ గుర్రం దాకా సాగుతుంది. తరతరాలుగా మన అమ్మమ్మలు పిల్లలకు జ్ఞాపకశక్తి పెంచుతున్నామని చెప్పకుండానే పెంచారు. నాకు ఆ కథలు వచ్చు. చేతిలో ఉన్నది వదిలి బజారుకెళ్ళి మంచుబొమ్మలు కొన్నాను.

జతల ఆటకు పాత శుభలేఖలు కత్తిరించాం. అట్ట గట్టిది, వెనకవైపు తెల్లగా ఉంటుంది. పాప గీసిన గొడుగు, కప్ప, నేరేడుపండు, తాటిచెట్టు. ఒక్కోటి రెండేసి. మూడు జతలతో మొదలుపెట్టి ఇప్పుడు ఎనిమిది దాకా వచ్చాం. ఈ ఆటలో అది నన్ను ఓడిస్తుంది. నేను కావాలని ఓడిపోవడం లేదు. తను గీసిన కార్డు ఏ మూల బోర్లించి ఉందో దాని కంటికి ఆనుతుంది, నాకు ఆనదు.

ఆటలో పెడితే పిల్లలకు గుర్తుంటుందని శాస్త్రం కూడా ఒప్పుకుందా అంటే, అది అంత సూటిగా లేదు. రష్యాలో ఇస్తోమినా అనే ఆవిడ 1948లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. పిల్లలకు ఊరికే మాటల జాబితా ఇచ్చి గుర్తుపెట్టుకోమన్నప్పటికంటే, దుకాణం ఆట ఆడుతూ సరుకులు తెమ్మన్నప్పుడు ఎక్కువ గుర్తుపెట్టుకున్నారని అందులో తేలింది. నాకది చదివి చాలా సంతోషమైంది. తీరా 1986లో అమెరికాలో అలాంటిదే చేసి చూస్తే, పాఠంలా అడిగినప్పుడే పిల్లలు మెరుగ్గా చెప్పారట. కాబట్టి ఆట అని పేరు పెడితే చాలదన్నమాట. నా పళ్ళేనికీ ఆట అనే పేరు ఉంది. ఆ పిల్లకు అందులో తన పని ఏదైనా ఉందా, దాని కోసం గుర్తుపెట్టుకోవాలని దానికే అనిపిస్తోందా అన్నది చూడాలనిపిస్తోంది నాకు. ఇది మా ఇంట్లో ఒక్క పిల్లను చూసి అంటున్న మాట, అంతవరకే తీసుకోండి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. పత్రిలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఉంటాయి. మూడూ నోట్లో పెట్టుకుంటే విషమే, జిల్లేడు పాలు కంట్లో పడినా ప్రమాదం. పూజకు పెద్దవాళ్ళు పట్టుకోవాలి, ఆట పళ్ళెంలోకి రాకూడదు. గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా ఇంట్లోకే తేవద్దు. ఇంకా చిన్నపిల్లలుంటే చింతగింజలూ, గవ్వలూ కూడా గొంతుకు అడ్డం పడతాయి. మొదట్లో నా పళ్ళెంలో చింతకాయ, గవ్వ, కుంకుడుకాయ ఉన్నాయి. నేను టైము చూస్తున్నాను తప్ప దాని నోరు చూడలేదు.

మొన్న చవితికి ఆ మూడూ పక్కకు తీసేసి, పత్రి గంప పాపకే అప్పజెప్పాం. ఆకులు కుప్పలు పెట్టి వాటికి తన పేర్లు తను పెట్టుకుంది. అంటుకునే ఆకు, గుచ్చే ఆకు, పౌడరాకు. నేను వాటి పక్కన మన పేర్లు ఒక్కోసారి అన్నాను, మళ్ళీ అనలేదు, అనమనలేదు. పూజలో వాళ్ళ తాతయ్య మాచీపత్రం అనగానే అది పౌడరాకు అందించింది. మిగతావాటిలో కొన్ని అందించింది, కొన్నిటికి తాతయ్య ముఖం చూసింది. తాతయ్య వేలితో చూపించారు, పూజ సాగిపోయింది.

ఇప్పుడు సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టబోతున్నాం. కొండపల్లి ఏనుగు అంబారీ, దశావతారాలు, ఏటికొప్పాక లక్కపిడతలు అన్నీ అటక మీదినుంచి దింపాం. మెట్ల మీద ఏ బొమ్మ ఎక్కడ అన్నది పాపదే నిర్ణయం. కూర్మావతారం నీళ్ళ దగ్గర ఉండాలంటూ వరస తప్పించి గిన్నెడు నీళ్ళ పక్కన పెట్టింది. నా నాలుక కొస దాకా వచ్చింది గానీ ఊరుకున్నాను. రోజుకో బొమ్మ మాయం చేసే ఆట ఆడదామంది. కళ్ళు మూసుకుంటే నేను వేళ్ళ సందులోంచి చూస్తానట, అందుకని బొమ్మ దాచేటప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళిపోవాలట. పేరంటంనాడు దాని స్నేహితురాళ్ళు వస్తారు. పిల్లలున్నంతసేపూ నా పక్కనే కూర్చోమని, ఎవరినైనా ఏదైనా అడగబోతే నా మోచెయ్యి పట్టుకోమని మా అమ్మాయికి చెప్పి ఉంచాను.